రొయ్య కంటి తొడిమలోని ‘వద్దు’

నేను ఉద్యోగం చేసిన జూనియర్ కళాశాలలో నోటీసు పుస్తకం ఒకటి ఉండేది. నల్లని అట్ట, ఎర్రగుడ్డ వెన్ను. ప్రిన్సిపాల్ గారు అందులో నాలుగు వాక్యాలు రాసి సంతకం చేయగానే అటెండరు దాన్ని చంకలో పెట్టుకొని గది గదికీ తిరిగేవాడు. పాఠం చెబుతున్న అధ్యాపకుడు ఆగి, చదివి, కింద ‘చూశాను’ అని రాసి సంతకం చేయాలి. నోటీసు ఒక్కటే, వెళ్ళేది అన్ని గదులకూ. కానీ ‘ప్రయోగశాలలోని గాజుసామాను శనివారం లోపల అప్పగించవలెను’ అన్న వాక్యం తెలుగు అధ్యాపకుడికి అక్షరాలుగానే మిగిలిపోయేది. అదే వాక్యం నన్ను కుర్చీలోంచి లేపేది.

నాయుడుపేటలో ముప్పై మూడు సంవత్సరాలు జంతుశాస్త్రం బోధించాను. శరీరంలోని కణాలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో చెప్పవలసి వచ్చినప్పుడల్లా ఆ పుస్తకాన్నే ఉదాహరణగా చూపేవాణ్ణి. ఎక్కడో ఒక గ్రంథిలోని కణం హార్మోను అనే నోటీసు రాసి రక్తంలో వదులుతుంది. రక్తం అటెండరు, దానికి పక్షపాతం లేదు, ప్రతి గడప ముందూ ఆగుతుంది. ఆ హార్మోనును పట్టుకోగల గ్రాహకం ఏ కణానికి ఉంటుందో ఆ కణమే సంతకం చేసి పనిలోకి దిగుతుంది. తక్కినవి తమ పాఠం తాము చెప్పుకుంటాయి. ఇరుగుపొరుగు కణాలకు ఇంత తతంగం అక్కరలేదు. వెనక బెంచీ విద్యార్థులు చీటీలు అందించుకున్నట్టు, మధ్యగోడలోని సన్నని రంధ్రాల గుండా అవి కావలసింది అందించుకుంటాయి. ఇక నాడీకణాలది బడిగంట పద్ధతి: కొట్టిన మరుక్షణం మోగాలి, మోగిన మరుక్షణం కదలాలి.

‘చెప్పడంతో సంభాషణ పూర్తి కాదు, అందడంతో పూర్తవుతుంది, గ్రాహకం లేని కణం దగ్గర ఎంత అరిచినా ప్రయోజనం లేదు.’ ఈ వాక్యాన్ని ప్రతి సంవత్సరం నల్లబల్ల మీద రాసి, విద్యార్థుల చేత రాయించి, పరీక్షలో అడిగి, రాయని వారికి మార్కులు తగ్గించాను. దాని పూర్తి అర్థం మాత్రం పదవీ విరమణ చేసిన చాలా కాలానికి, డెబ్బయ్యవ ఏట, కృష్ణపట్నం వెళ్ళే దారిలో ఒక రొయ్యల గుంట గట్టు మీద నాకు బోధపడింది.

ఆ గుంట మా చెల్లెలిది. ఉప్పుటేటి పక్కన, పోర్టు కంపెనీ బస్సులు తిరిగే రోడ్డుకు లోపలగా ఉంటుంది. భర్త వ్యవసాయం చూసుకుంటే గుంట బాధ్యత తనే తీసుకుంది. వరుసగా రెండు పంటలు తెల్లమచ్చ తెగులుతో పోయాయి. మూడవ పంట సగానికి పైగా వచ్చిన సమయంలో భర్తకు మోకాలి ఆపరేషను తప్పనిసరి అయింది. నెల్లూరు ఆసుపత్రిలో పదకొండు రోజులు ఆయన పక్కన ఉండాలి. ఒకరోజు ఉదయమే మా ఇంటికి వచ్చింది.

“అన్నా, పదకొండు దినాలు గుంట కాడ ఉండాల నువ్వు. బయటోళ్ళ మీద వదిలి నేను ఆసుపత్రిలో కూర్చోలేను. ఈ పంట గూడా పోయిందంటే గుంట పూడ్పించేస్తా. మళ్ళా రొయ్య అనే మాట నా నోట రాదు.”

“నాకు రొయ్యల పెంపకం తెలియదు కదమ్మా.”

“ముప్పై ఏండ్లు పిల్లకాయలకి రొయ్యని కోసి చూపించినావు గదా.”

“కోసి చూపించడం వేరు.”

“నువ్వేం కొయ్యబాక. ఊరికే చూస్తా ఉండు, చాలు. మేత సంగతి అక్క చూసుకుంటాది.”

మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. “అక్కడ ఈయన చక్కెర సంగతి ఎవరు చూసుకుంటారు?” అని అడిగింది. నేను సంచి సర్దుకున్నాను.

మా చెల్లెలు ‘అక్క’ అన్నది ఆ గుంటలో మేత వేసే మనిషిని. ఏభై దాటిన స్త్రీ, దగ్గరి పల్లె. ఆమె భర్త అక్కడే కాపలా ఉంటూ జనరేటరు చూసుకుంటాడు, మితభాషి. ఆమె అలా కాదు. ఆదివారం ఉదయం ప్రార్థనకు వెళ్ళి వచ్చే రెండు గంటలు తప్ప వారమంతా గుంట మీదే ఉంటుంది. గుంట మధ్యగా రెండు గట్లకూ కట్టిన తాడు పట్టుకొని, థర్మాకోల్ తెప్ప మీద కూర్చొని, ఒక చేత్తో తెప్పను లాక్కుంటూ మరొక చేత్తో మేత చల్లుతుంది. చల్లిన మేత నీటి మీద ముగ్గు వేసినట్టు సమంగా పడుతుంది.

నేను వెళ్ళిన మొదటి రోజే ఒక క్రమపట్టిక తయారుచేశాను. ఉదయం ఆరు, పదకొండు, మధ్యాహ్నం మూడు, సాయంత్రం ఆరు. ప్రతి పూటకూ ఎన్ని కిలోల మేత అన్నది మా చెల్లెలు ఫోనులో చెప్పిన ప్రకారం ఎర్రసిరాతో రాసి, షెడ్డు గోడకు అంటించాను. షెడ్డు దూలానికి ఎవరో వేలాడదీసిన రైలుపట్టా ముక్క ఉంది. ఇనుపకడ్డీతో దాన్ని కొట్టి వేళ ప్రకటించే ఏర్పాటు కూడా చేశాను.

ఆమె నడుం మీద చేతులు పెట్టుకొని పట్టికను కింది నుంచి పైదాకా చూసింది. “గంట ఎవురికి అయ్యోరా? నాకా, రొయ్యలకా?”

“క్రమం ఇద్దరికీ అవసరమే.”

“నాకంటే చెవులుండాయి. ఈటికి యాడుండాయి చెవులు?”

షెడ్డు బయట కూర్చున్న ఆమె భర్త మొదటిసారి నోరు తెరిచాడు. “చెవులుండేదానికే చెప్పినా వినబడదు ఒకోసారి,” అన్నాడు. ఆమె అతని వైపు చూసిన చూపు తర్వాత అతడు రెండు రోజులు మళ్ళీ మాట్లాడలేదు.

ఆ ప్రశ్నను నేను వదలదలచుకోలేదు. చెవులు లేని జీవుల శరీరంలోనూ వార్తలు ఎలా నడుస్తాయో తెలియడం మంచిదని, మధ్యాహ్నం మేతకూ సాయంత్రం మేతకూ నడుమ దొరికే తీరికలో ఆమెకు పాఠం మొదలుపెట్టాను. నోటీసు పుస్తకం, అటెండరు, గది గది, సంతకం, అన్నీ చెప్పాను. ఆమె వల చిరుగులు కుట్టుకుంటూ విన్నది. మధ్యలో తల ఎత్తి అడిగింది.

“అందరికీ ఒకే చీటీ పోతే, ఒకడు ఒక పని, ఇంకోడు ఇంకో పని ఎట్టా చేస్తారు? చీటీలో ఒకటే గదా రాసుండేది.”

ముప్పై మూడు సంవత్సరాలలో ఈ ప్రశ్న అడిగిన విద్యార్థులను ఒక చేతి వేళ్ళ మీద చెప్పగలను. ‘రేపు తనిఖీకి వస్తారు’ అని నోటీసు వస్తే గ్రంథాలయం వారు దుమ్ము దులుపుతారు, ఆటల మాస్టారు బంతుల్లో గాలి కొడతాడు, గుమాస్తా బీరువా తాళం వెతుకుతాడు. వాక్యం ఒక్కటే. దాన్ని అందుకున్నవారు ఎవరు, వారి చేతిలో ఉన్న పని ఏమిటి అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. ఒకే హార్మోను చర్మకణానికి ఒక పని చెబుతుంది, కండరకణానికి మరొకటి. ఇలా వివరించాను.

“మా సంఘంలో గూడా అంతే,” అన్నది ఆమె. “పాస్టరు గారు చెప్పేది ఒకటే మాట. మా ఆయన నిద్దరపోతాడు, నేను ఏడుస్తా.”

ఉదాహరణ కచ్చితమైనదే. అంగీకరించాను.

మరునాడు ఆమె తానుగా అడిగింది, రొయ్యకు గుల్ల విడవవలసిన వేళ ఎలా తెలుస్తుందని. రొయ్య పెరగాలంటే గట్టి పెంకు అడ్డు. అందుకే అది అప్పుడప్పుడు పాత పెంకును పాము కుబుసంలా విడిచి, కింద తయారైన మెత్తని కొత్త పెంకుతో బయటపడుతుంది. ఇది నాకు ఇష్టమైన పాఠం. రొయ్య కన్ను పువ్వుకు తొడిమ ఉన్నట్టు ఒక తొడిమ మీద నిలబడి ఉంటుంది. ఆ తొడిమలో ఒక గ్రంథి ఉంది. అది రోజంతా పంపే నోటీసులో ఒకే మాట: ‘వద్దు.’ తలభాగంలో ఇంకొక గ్రంథి ఉంది. కుబుసం విడవమని ఆజ్ఞ రాయగల అధికారం దానిది. మొదటి గ్రంథి ‘వద్దు, వద్దు’ అంటున్నంత కాలం రెండవది కలం ముట్టదు. ఒకనాటికి ఆ ‘వద్దు’ పలచబడుతుంది. అప్పుడు రెండవ గ్రంథి ఆజ్ఞ రాస్తుంది. అది రక్తం వెంట ఒళ్ళంతా తిరుగుతుంది. చర్మకణాలు పాత పెంకును వదిలి కింద కొత్తది అల్లడం మొదలుపెడతాయి. రొయ్య మేత మానేస్తుంది. చిత్రం ఏమిటంటే, ఇంత పనికీ మొదటి సంకేతం ఒక నోటీసు రావడం కాదు, రోజూ వచ్చే నోటీసు ఆగిపోవడం.

“మీ ఇంట్లో అమ్మగారు చక్కెర వద్దనేట్టుగా,” అన్నది ఆమె, నా గ్లాసులో టీ పోస్తూ.

నేను గ్లాసు అందుకున్నాను. ఆమె టీలో మూడు చెంచాల చక్కెర వేస్తుంది. నాలుగు రోజులుగా ఆ టీ తాగుతున్నాను. రోజూ ఏడు గంటలకు మా ఆవిడ ఫోను చేసినప్పుడు అక్కడ సిగ్నల్ సరిగా లేదని చెబుతున్నాను. నా విషయంలోనూ ‘వద్దు’ పలచబడిందన్న మాట.

ఆమె సూది ఆపి ఏటి వైపు చూసింది. “అయితే అమావాస్యకి ఆ తొడిమలో ఉండేది నోరు మూసుకుంటాదన్నమాట. అందుకే అన్నీ ఒక్కపారి గుల్ల విడుస్తాయి.”

“చంద్రుడికీ దానికీ ముడిపెట్టకూడదమ్మా. చంద్రుడు నా సిలబస్‌లో లేడు.”

“మీ సిలబస్ సంగతి నాకు తెల్దు అయ్యోరా. నేను గుంట సంగతి చెప్తా ఉండా.”

ఆరవరోజు సాయంత్రం మేత ముగించి వచ్చి చేతులు కడుక్కుంటూ ఆమె విషయం ఎత్తింది. “రేపటినుంచి మేత సగానికి తగ్గించాల. ఎల్లుండి అమావాస్య. గుల్ల విడిచేటప్పుడు తినవు.”

“పట్టికలో అలా లేదు.”

“పట్టికలో లేకుంటే రాసుకోండి.”

నాకు మూఢవిశ్వాసాల పట్ల మొదటి నుంచి సహనం తక్కువ. ప్రయాణానికి మంచిరోజు చూసే సహోద్యోగులను మందలించినవాణ్ణి. గట్టిగానే చెప్పాను. “అమావాస్య, పౌర్ణమి అని పని ఆపుకొనే ఈ అలవాటు చదువుకున్నవాళ్ళ ముందు ప్రదర్శించవద్దు. ప్రార్థనకు వెళ్ళేదానివి, నీకు కూడా ఈ పట్టింపులు ఏమిటి?”

ఆమె తువ్వాలుతో నెమ్మదిగా చేతులు తుడుచుకున్నది. “నాకెందుకుంటాది అయ్యోరా అమావాస్య? మాకుండేది ఆదివారమే. అమావాస్య రొయ్యలది.”

ఈ వాక్యంలోని తర్కం ఎంత శుభ్రంగా ఉందో ఇప్పుడు తెలుస్తున్నది. తిథితో ఆమెకు మతపరమైన లావాదేవీ ఏదీ లేదు. ఆమె ఇంట్లో పంచాంగం ఉండదు. ఏటిలో పోటు ఎంత ఎత్తుకు వస్తున్నదో, పాటుకు బురద ఎంత దూరం బయటపడుతున్నదో చూసి ఆమె రోజు గుర్తుపడుతుంది. గుంటలో ఏం జరుగుతుందో ఏళ్ళ తరబడి కంటితో చూసినది. ఆనాడు నేను వినలేదు. ఆమె ‘అమావాస్య’ అన్న మాట పలికిన క్షణానే నా చెవి తన తలుపు వేసుకుంది.

మరునాడు ఉదయం ఆరు గంటలకు రైలుపట్టా కొట్టాను. ఆమె కదలలేదు.

“సగం అయితే ఎస్తా. మొత్తం నా చేత్తో ఎయ్యను. మీకు ఎయ్యాలనుంటే మీరే ఎయ్యండి.”

క్రమశిక్షణకు సంబంధించిన ప్రశ్నగా భావించి పంచె ఎగగట్టి తెప్ప ఎక్కాను. ఎక్కగానే అది పక్కకు ఒరిగింది.

“నిలబడబాకండి, కూర్చోండి,” గట్టు మీద నుంచి ఆమె అరిచింది. “పడితే రొయ్యలు మేత అనుకుంటాయి.”

ఆమె భర్త కడ్డీ పట్టుకొని వెనక్కు తిరిగి నిలబడ్డాడు. నవ్వుతున్నాడని అతని భుజాలు చెప్పాయి. తాడు లాగితే చెయ్యి ఖాళీ ఉండదు. మేత చల్లితే తాడు జారిపోతుంది. మేత ఒకచోట కుప్పగా, మరొకచోట బొత్తిగా లేకుండా పడింది. అయినా తూకం తప్పలేదు. పట్టికలో రాసినంతా వేసి దిగాను. పదకొండు గంటలకు మళ్ళీ ఎక్కి రెండవ పూట కూడా వేశాను. అప్పటికి తెప్ప మీద కూర్చోవడం కొంత అలవాటైంది. అదే నాకు మిగిలిన తృప్తి.

గుంటలో చెక్ ట్రే అనే సాధనం ఒకటి ఉంటుంది. ఇనుప చట్రానికి సన్నని వల బిగించి, తాడుతో నీటి అడుగుకు దించుతారు. మేత వేసినప్పుడల్లా దానిలోనూ ఒక గుప్పెడు వేసి, కొంతసేపటికి పైకి లాగి చూస్తారు. ట్రే ఖాళీగా వస్తే రొయ్యలు బాగా తింటున్నట్టు. మేత మిగిలి వస్తే ఏదో తేడా ఉన్నట్టు. ఉదయం మేత తర్వాత చూసినప్పుడు వేసినది వేసినట్టే ఉంది. నా చల్లుడు సరిగా లేకపోవడం వల్ల రొయ్యలు మరొక వైపు వెళ్ళి ఉంటాయని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఆమె ట్రేలోకి తొంగి చూసి షెడ్డుకు వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం రెండు గంటలకు ట్రేను నేనే లాగాను. ఉబ్బిన మేత గుళికల మధ్య ఏదో మెరిసింది. ఒక రొయ్య. తీసి అరచేతిలో పెట్టుకుంటే బరువు లేదు. గాజుతో పోత పోసినట్టున్న రొయ్య. మీసాలు, కాళ్ళు, తోక విసనకర్ర, అన్నీ ఉన్నాయి, లోపల రొయ్య మాత్రం లేదు. తల ముందు రెండు కంటి తొడిమల తొడుగులు కూడా చెక్కుచెదరకుండా ఉన్నాయి. పక్కన మరొకటి. గట్టు వారన నీటి మీద ఇంకా ఎన్నో.

ముప్పై మూడు సార్లు, సంవత్సరానికి ఒకసారి చొప్పున, ఆ కంటి తొడిమ బొమ్మను రంగు సుద్దలతో నల్లబల్ల మీద వేశాను. ‘వద్దు’ ఆగిపోతే కుబుసం, కుబుసానికి ముందు ఉపవాసం. మూడు రోజుల క్రితం ఆమెకు నా నోటితోనే చెప్పాను, రొయ్య మేత మానేస్తుందని. గుంట నిండా వేల తొడిమలలో నోరు మూసుకున్న గ్రంథులు ఉంటే, నేను మాత్రం గోడ మీది ఎర్రసిరాను చూసుకుంటూ రెండు పూటల మేత నీటిలో కుమ్మరించాను.

చంద్రుడికీ ఆ గ్రంథికీ సంబంధం ఏ దారిన ఉన్నదో నేను ఈనాటికీ కచ్చితంగా చెప్పలేను. పోటుపాటుల లయ ఏదో ఆ జాతి శరీరంలో మిగిలి ఉన్నదని కొందరంటారు. కారణం తెలియనంత మాత్రాన జరిగినది జరగకుండా పోదు. విద్యార్థులకైతే ఇది మొదటి రోజునే చెప్పేవాణ్ణి.

ప్రమాదం ఏమిటో నాకు స్పష్టంగానే తెలుసు. తినని మేత అడుగున కుళ్ళుతుంది. కుళ్ళేది నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది. అప్పుడే కుబుసం విడిచిన రొయ్య అదే అడుగున, మెత్తగా, దాదాపు కదలలేక పడి ఉంటుంది. దానికి మామూలు కంటే ఎక్కువ గాలి కావాలి. మా చెల్లెలి మాట చెవిలో మోగింది: ‘గుంట పూడ్పించేస్తా.’

గాజు రొయ్యను అరచేతిలో పెట్టుకొని షెడ్డుకు వెళ్ళాను. “పొరపాటు నాది,” అన్నాను. “ఇప్పుడేం చేయాలో నువ్వు చెప్పు. నేను చేస్తాను.”

ఆమె దెప్పిపొడుస్తుందనుకున్నాను. అంతకు ముందే ఆలోచించి పెట్టుకున్నదేమో, వరుసగా చెప్పింది. “సాయంత్రం మేత లేదు, రేపు గూడా లేదు. గాలి చక్రాలు అన్నీ తిప్పాల, ఒక్కటి గూడా ఆపేది లేదు. కరెంటు పోతే మా ఆయన జనరేటరు ఏస్తాడు. ఈ పొద్దు పాటుకి ఏరు బాగా దిగుతాది. తూము ఎత్తి అడుగు నీళ్ళు వదిలేద్దాం. పక్క గుంటలో మందేసి నిలవబెట్టిన నీళ్ళుండాయి గదా, అవి పెడదాం.” కొంచెం ఆగి, “అమావాస్య గాబట్టే ఏరు అంత దిగేది. మీకు చంద్రుడు సాయం చేస్తా ఉండాడు, కోపం పెట్టుకోకుండా,” అన్నది.

తూము ఎత్తడానికి ముందు నేను మరొక పని చేయాలి. మా చెల్లెలికి ఫోను చేశాను. మంచి కబురు పంపడానికి ఎన్ని దారులైనా ఉంటాయి. చెడ్డ కబురును పంపవలసినవాడే పంపాలి.

“ఎంత యేసినావు?” అని అడిగింది, అంతా విని.

“రెండు పూటలు. పూర్తిగా.”

“అక్క ఏమనింది?”

“ఎయ్యబాకండి అన్నది.”

“మరి?”

“నాకు అందలేదు.”

“అక్క చెప్పింది చెయ్,” అన్నది. “పొద్దున బస్సుకి వస్తా.” ఫోను పెట్టేసింది. చిన్నప్పుడు తను లెక్కలు తప్పు చేసినందుకు నేను చెవి మెలిపెడితే ఏడవకుండా చూసేది. ఆ చూపు గుర్తుకు వచ్చింది.

పాటు వేళకు ఏటిలో నీరు నిజంగానే ఎప్పుడూ లేనంత దిగింది. తూము ఎత్తగానే అడుగు నీరు నల్లగా, వాసనతో బయటికి దూకింది. మేత కుప్పలు పడిన చోట్లు నాకు గుర్తున్నాయి, వేసినవాణ్ణి నేనే కనుక. వాటిని వేలు పెట్టి చూపించాను. ఆమె భర్త పొడుగు కర్రకు కట్టిన వలతో అక్కడక్కడ దేవి, ఉబ్బిన మేతను గట్టుకు లాగాడు. తాడు పట్టుకొని తెప్పను నడపడం ఆ సాయంత్రం నా పని. ఎవరూ నవ్వలేదు. చీకటి పడే వేళకు పక్క గుంట నీరు పెట్టడం మొదలైంది. గాలి చక్రాలు నీటిని చిలుకుతూనే ఉన్నాయి.

తెల్లవారుతుండగా లేచేసరికి ఆమె అప్పటికే గట్టు మీద ఉంది. నీటిలో గాలి తగ్గితే రొయ్యలు గట్ల వారకు చేరి మీదికి వస్తాయి. అందుకు చూడవలసిన వేళ అదే. ఇద్దరం గట్టు చుట్టూ నడిచాము. తూర్పు మూల దగ్గర ఆమె వంగింది. ఒక చిప్పెడు రొయ్యలు, మెత్తగా, తెల్లబడి, కదలకుండా ఉన్నాయి.

“ఇంతేనా ఉండేది?” అని ఆమె భర్త అటు గట్టు నుంచి అడిగాడు.

“ఇంతే.”

ఆమె ట్రే లాగింది. అందులో పదిహేను రొయ్యల దాకా ఉన్నాయి. ఒకదాన్ని వేళ్ళ మధ్య పట్టుకొని నొక్కి చూసి, నా చేతికి ఇచ్చింది. పెంకు ఇంకా కాగితంలా పలచగా ఉంది కాని, వేలి కింద గట్టిపడుతున్న జాడ తెలుస్తున్నది. రొయ్య నా చేతిలోంచి ఎగిరి నీటిలో పడింది. “బలంగా ఉండాది,” అన్నది ఆమె. “ఎగిరిందంటే బాగున్నట్టే.”

ఎనిమిది గంటల బస్సుకు మా చెల్లెలు వచ్చింది. నాతో మాట్లాడకుండా ముందు గుంట చుట్టూ తిరిగింది. తర్వాత మేత వేసే ఆమె దగ్గరికి వెళ్ళి ఏదో గుసగుసలాడింది. ఇద్దరూ నా వైపు చూసి నవ్వారు. మా చెల్లెలు చేతిలోని మలైకాజా మిఠాయి పెట్టె విప్పుతూ నా దగ్గరికి వచ్చింది.

“తెప్ప మీద నిలబడినావంట.”

“ఒక్క క్షణమే.”

“వదినతో చెప్పమంటావా?”

“వద్దు,” అన్నాను. మలైకాజా కూడా వద్దన్నాను. ఆ నిగ్రహం మా చెల్లెలికి నచ్చినట్టుంది, పెట్టె మూసి ఆసుపత్రికి తిరిగి వెళ్ళింది.

మేత ఆపిన మూడవ రోజు సాయంత్రం ఆమె సగం మేత చల్లి, ట్రేలో గుప్పెడు వేసింది. ట్రే లాగే వేళకు నేను వెళ్ళి నిలబడ్డాను. తాడు పైకి వచ్చింది. నీరు కారింది. వల మీద ఒక్క గుళిక లేదు. ఆమె ట్రేను నా కళ్ళ ముందు ఒకసారి అటూ ఇటూ తిప్పి చూపింది. ఖాళీ వల అంత నిండుగా కనిపించడం నాకు అదే మొదలు.

నెల తిరగకముందే పంట పట్టారు. నన్నూ మా ఆవిడనూ పిలిచారు. గుంటలో నీరు తీసి వల లాగుతుంటే రొయ్యలు వాన చినుకులు పైకి కురిసినట్టు ఎగిరాయి. మా చెల్లెలి భర్త కర్ర ఊతతో గట్టు మీద కుర్చీలో కూర్చొని చూస్తున్నాడు. తర్వాతి పంటకు రొయ్య పిల్లలను ఎప్పుడు తేవాలన్న చర్చ మా చెల్లెలూ మేత వేసే ఆమే సాగిస్తున్నారు. పూడ్పించడం అన్న మాట ఎవరి నోటా రాలేదు.

ఎండ ఎక్కువై షెడ్డులోకి వెళ్ళాను. నా క్రమపట్టిక గోడ మీద అలాగే ఉంది. అయితే దాని కింద కొత్తగా బొగ్గుతో గీసిన గుర్తులు కనిపించాయి. నిండుగా నలిపిన ఒక నల్లని గుండ్రం, కొంచెం దూరంలో లోపల ఖాళీ వదిలిన మరొక గుండ్రం. రెండింటి పక్కనా సగానికి కోసిన మేత బస్తా బొమ్మ. రాతలో చెప్పగలిగే దానికంటే స్పష్టంగానే ఉంది.

జేబులోని కలం తీశాను. బొగ్గు గుర్తుల కింద ‘చూశాను’ అని రాసి పొడి అక్షరాలతో సంతకం చేశాను.

వెనక ఎప్పుడు వచ్చిందో, ఆమె గుమ్మం దగ్గర నుంచి అడిగింది. “ఏం రాస్తా ఉండారు అయ్యోరా?”

“నోటీసు అందిందని.”

ఆమె దగ్గరికి వచ్చి సంతకాన్ని పరీక్షగా చూసి, “తేదీ ఎయ్యలే,” అన్నది.

తేదీ వేశాను.